పాతరలో జాగ

జూన్ 12, 2024

ఎట్టకేలకు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. 'పాతరలో పాప' నవలను సినిమాగా తీస్తారట. రచయిత లక్ష్మీకాంత్ గారేనా అని అడిగారు. తొర్రూరులో నన్ను సార్ అంటారు, కిరాణం సేట్ల లక్ష్మీకాంత్ అంటారు, రచయిత అని ఇంతవరకూ ఎవరూ అన్న పాపాన పోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక రాసిన ఒకే ఒక్క నవల అది. పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లల కోసం రాశాను. అయిదు వందల కాపీలు వేస్తే మూడు వందల నలభై ఇంకా మా మంచం కిందే ఉన్నాయి. ఆ పెట్టెల వల్ల ఊడవరాకుండా ఉందని రాధ రోజూ గొణుగుతుంది. ఇక గొణగదు.

డైరెక్టరు పేరు విక్రమ్. పాతర అంటే ఏమిటని అడిగాడు. నవల చదివి ఉంటే ఆ ప్రశ్నే రాదు, అయినా ఓపిగ్గా చెప్పాను. జొన్నలు దాచుకోవడానికి వాకిట్లో తవ్వే గొయ్యి. అడుగున గడ్డి పరిచి, గింజలు పోసి, పైన బండ వేసి మన్ను కప్పేస్తారు. అక్కడ పాతర ఉన్నట్టు పరాయివాడికి తెలియదు. నలభై ఎనిమిదిలో రజాకార్లు మా ఊరి మీద పడ్డప్పుడు మా తాత వెంకట్రాం సేటు తన తొమ్మిదేళ్ల కూతుర్ని అందులో దాచి కాపాడుకున్నాడు. ఆ కూతురే మా మేనత్త అండాలు. ఎనభై అయిదేళ్లు, మానుకోటలో కూతురు ఉమ దగ్గర ఉంటుంది అని చెబితే విక్రమ్ “వావ్” అన్నాడు.

జూన్ 20

విక్రమ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు. వెంట వినీత అనే అమ్మాయి, ఆర్ట్ డైరెక్టరట, హనుమకొండ పిల్ల. మెడలో కొలత టేపు వేసుకుని తిరుగుతుంది. కూర్చోమంటే కూర్చోకుండా మా గుమ్మం కొలిచింది.

“సార్, మీ కథలో హీరో ఎవరు?” అన్నాడు విక్రమ్.

“అండాలు. తొమ్మిదేళ్ల పిల్ల.”

“పాప కథకు ప్రాణం సార్, కాదనను. నేనడిగేది హీరో.”

పాపకు అన్న ఎవరైనా ఉండేవాడా అని ఆరా తీశాడు. ఉండేవాడు, మా నాయన. కానీ అప్పటికి పన్నెండేళ్లవాడు, పైగా ఆ గొడవ జరిగినప్పుడు బెజవాడలో మేనమామ ఇంట్లో గోలీలు ఆడుకుంటున్నాడు. “ఏజ్ పెంచుదాం సార్” అన్నాడు. నేను టీ తాగేలోపల మా నాయన ఇరవై ఎనిమిదేళ్లవాడయ్యాడు, గుర్రమెక్కాడు, ఒక నర్సును ప్రేమించాడు.

యాస సంగతేమిటని అడిగాను. సినిమాల్లో మన మాట నౌకర్లకూ తాగుబోతులకూ పెట్టి నవ్వించిన రోజులు నేను మర్చిపోలేదు.

“ఆ బెంగ అక్కర్లేదండి. హీరోకి యాస నేర్పడానికి ట్యూటర్ని పెట్టాం. ఆయనది భీమవరం. మీ యాస అద్భుతంగా చేస్తాడు.”

“ఎక్కడ నేర్చుకున్నాడు?”

“సినిమాలు చూసి సార్.”

చరిత్రతో ఆటలాడితే ఊరుకోనని మొహం మీదే చెప్పాను. నిజమొక్కటే రచయిత ఆస్తి అన్నాను. ఆ మాట వినీత తన పుస్తకంలో రాసుకుంది. వంటింట్లో రాధ దగ్గింది.

జూన్ 21

సంతకం పెట్టాను. సాహిత్యం కోసమే.

జూన్ 30

మానుకోట వెళ్లి అత్తకు చెప్పాను. మంచం మీద కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. చేతులు ఆగలేదు.

“ఉప్పలి ఉంటదా సిన్మాల?” అన్నది.

“ఉంటది అత్తా.”

“నీ బుక్కుల ఉన్నది గద.”

“ఉన్నది.”

ఏం చెప్పమంటారు? ఎనభై అయిదేళ్ల మనిషి. చిన్న అక్షరం కంటికి ఆనదు. నవల చదివి వినిపిస్తానని రెండేళ్లుగా అంటున్నాను, తీరిక చిక్కలేదు.

ఉప్పలి గురించి ఇక్కడ రాయాల్సిన పని లేదు. అయినా రాస్తాను, దాచాల్సిందేమీ లేదు కాబట్టి. అత్తకు ఆటతోడు, ఒకే ఈడు. అసలు పేరు ఉప్పలమ్మ. ఊరి చివరి వాడ పిల్ల. వాళ్ల నాయన తాత కొట్టులో బస్తాలు మోసేవాడు. ఆ రోజు ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని పాతర దాకా ఉరికొచ్చారు. పాతర చిన్నది, ఒక్కరే పడతారు. “జాగ లేదు, నువ్వు పో బిడ్డా” అని తాత ఉప్పలికి చెప్పి, అత్తను దింపి బండ మూశాడు. ఆ పిల్ల పోయి గడ్డివాములో దాక్కుంది. రజాకార్లు వాములన్నిటికీ నిప్పు పెట్టారు. జరిగిన దాంట్లో ఎవరి తప్పూ లేదు. అందుకే నవలలో ఆ పాత్ర అవసరం రాలేదు. పిల్లల పుస్తకంలో పాత్రలు తక్కువ ఉండాలన్నది అందరూ ఒప్పుకునే సూత్రం.

అత్త ఇంకొకటి కూడా చెబుతుంది. బండ మూశాక పైనుంచి మూడుసార్లు చప్పుడైందట. ఉప్పలి కొట్టిందంటుంది. నవలలో నేను ఆ చప్పుడును రజాకార్ల తుపాకి మడమలకు ఇచ్చాను. ఉత్కంఠ పెరిగింది. పుస్తకం గురించి నాకు వచ్చిన ఏడు ఉత్తరాల్లోనూ ఆ ఘట్టాన్నే మెచ్చుకున్నారు.

జూలై 28

స్క్రిప్టు పంపారు. చదువుతుంటే చెమటలు పోశాయి. పాతరలో పాట ఉంది. పైన రజాకార్లు తిరుగుతుంటే కింద పిల్ల పాడుతుంది, జొన్నగింజలు మిణుగురుల్లా లేచి చుట్టూ తిరుగుతాయి. ఊరి మీద పడ్డవాళ్లందరికీ మూర గడ్డాలు, కళ్లకు సుర్మా. ముందు నడిచి ఇళ్లు చూపించినవాడు మన దొర మనిషేననీ, మా అవ్వను దూదేకుల మస్తానమ్మ తన ఇంట్లో దాచిందనీ నవలలో రెండు పేజీలు రాశాను. ఆ రెండు పేజీలూ లేవు. భూపాలపల్లి అడవిలో మా నాయన, నర్సు వానలో తడుస్తారు.

రాత్రంతా కూర్చుని పద్నాలుగు అభ్యంతరాలు రాశాను. ఒక్కోదానికి పేజీ నంబరు, ఆధారం. పొద్దున రాధకు చదివి వినిపించాను.

“తాత గురించి రాయలేదేంది?” అన్నది.

స్క్రిప్టులో తాత తక్కెడ కాడ తీసుకుని నలభై మందిని కొడతాడు. నిజానికి తాత ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు, చీమను చూసి పక్కకు జరిగేవాడని నాయన చెప్పేవాడు. కానీ అది భావపరంగా సత్యమే. ఒక మనిషి లోపలి ధైర్యాన్ని బయటికి చూపించే పద్ధతి. ఆ ఒక్కటి వదిలేశానని చెప్పాను. రాధ పెసర్లు చెరుగుతూ కూర్చుంది. ఈమెతో ఇదే ఇబ్బంది.

ఆగస్టు 19

జవాబు లేదు.

సెప్టెంబర్ 2

జవాబు వచ్చింది. పద్నాలుగింటికీ కలిపి ఒక దండం బొమ్మ.

అక్టోబర్ 21

ఈ రోజు మనసు బాగాలేదు. అయినా వరసగా రాస్తాను.

షూటింగు మా ఊళ్లోనే, నెల్లికుదురు దాటాక. ఇల్లు ఎప్పుడో అమ్మేశాం, కూలిపోయింది, కొన్నవాళ్లు వాకిట్లో పత్తి పెట్టారు. వినీత అసలు పాతర చూడాలన్నది. ఎందుకమ్మా, నవలలోనే రాశాను కదా, నూనె పీపా అంత ఉంటుంది, ఒక పిల్ల ముడుచుకుని కూర్చునేంత అన్నాను. “చూస్తే ఒక పని అయిపోతది సార్” అన్నది. అత్త గుర్తు చెప్పిన చోట పోశాలు ట్రాక్టరుతో మన్ను తీశాడు. యాభై ఏళ్ల మనిషి, ఊళ్లోవాడే. షూటింగుకు ట్రాక్టరు పెట్టాడు, మనిషి పొడుగ్గా ఉన్నాడని రజాకారు వేషం కూడా ఇచ్చారు.

అరగంటలో బండ కనిపించింది. పక్కకు జరిపాక దిగబోతున్న వినీతను పోశాలు ఆపాడు. ఒక ప్రమిద తెమ్మన్నాడు. వెలిగించి, బొక్కెనలో పెట్టి, తాడుతో మెల్లగా లోపలికి వదిలాడు. పాతరలో చెడ్డ గాలి ఉంటే దీపం ఆరిపోతుంది, ఆరితే మనిషి దిగకూడదు. ఈ సంగతి నేను నవలలో రాయలేదు, నాకు తెలియదు. దీపం ఆరలేదు. కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంది. తాడు అయిపోవచ్చింది.

వినీత నిచ్చెన వేసుకుని దిగింది. లోపలినుంచి ఆమె గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

“సార్, పది ఫీట్ల లోతు. ఏడు ఫీట్ల ఎడల్పు. పదిమంది మంచిగ కూసోవచ్చు.”

పోశాలు వంగి చూసి నవ్వాడు. “మా ఇల్లు మొత్తం పడతది సార్ ఇండ్ల.”

గింజలు నిండా ఉండి ఉంటాయి అన్నాను. ఎండాకాలంల ఏడ నిండుగుంటయి సార్, గప్పటికి సగం తీసేది గద అన్నాడు పోశాలు. సరిగ్గా వేసవే అది. మే నెల. నవలలో నేనే రాశాను, ఎండ గురించి రెండు పేరాల వర్ణన.

తర్వాత చెట్టు కింద అన్నం తింటున్నప్పుడు పోశాలు మామూలుగా అన్నాడు. “మా తాత చెల్లె ఒకామె రజాకార్ల గడబిడల కాలిపోయిందట సార్. చిన్న పిల్లనట. పేరు గూడ మా ఇంట్ల ఎవ్వలకు తెల్వదు. తాత చెప్పకుంటనే పోయిండు, చెప్పబోతే ఏడిసేటోడు.”

వాళ్ల తాత ఎల్లయ్య. ఉప్పలి అన్న. పేరు నాకు తెలుసు. చెప్పలేదు. అన్నం తినేటప్పుడు చెప్పే సంగతి కాదనిపించింది.

అక్టోబర్ 22

వినీతకు ఫోను చేసి, సినిమాలో పాతర కాస్త చిన్నగా కట్టలేరా అని అడిగాను. కళాత్మకంగా ఇరుకు ఎక్కువ పనిచేస్తుందన్నాను.

“కెమెరా పట్టదు సార్. పట్టినా నేను కొలత మార్చను. ఈ సిన్మాల ఒక్కటన్న నిజముండనియ్యిండ్రి” అన్నది. నా మాటే నాకు వినిపించింది. “నిజమొక్కటే రచయిత ఆస్తి అని మీరే అన్నరు గద.”

రాసుకోవడం ఈ కాలం పిల్లలకు ఒక జబ్బు.

నవంబర్ 18

ప్రచురణకర్త రాకేశ్ వరంగల్లు నుంచి ఫోను చేశాడు. సినిమా వస్తోంది కాబట్టి రెండో ముద్రణ వేస్తాడట. అట్ట మీద హీరో గుర్రం మీద ఉంటాడు. మొదటి పేజీ నిండా తాత ఫొటో, కింద “ఒక ప్రాణాన్ని కాపాడిన చేతులకు” అని అంకితం, పాత ముద్రణలో లాగే. ప్రూఫులు మార్చిలో పంపుతాడు.

సినిమావాళ్లు భూపాలపల్లి అడవిలో వాన పాట తీస్తున్నారు. అక్కడ వాన పడుతోంది కాబట్టి షూటింగు ఆపేశారట. పాటకు ట్యాంకర్ల వానే కావాలి.

డిసెంబర్ 5

అత్తను షూటింగుకు తీసుకురావద్దని రాధకు మరీ మరీ చెప్పాను. దుమ్ము, చలి, గుండె జబ్బు మనిషి. పదకొండు గంటలకు ఆటోలోంచి రాధా, ఉమా, మధ్యలో అత్తా దిగారు.

అసలు పాతర పక్కనే వినీత ఇంకోటి కట్టింది, అదే కొలతకు. కెమెరా కోసం ఒక పక్క గోడ లేకుండా తెరిచి ఉంచారు. కాబట్టి ముందు నిలబడితే లోపలంతా ఒక గదిలా కనిపిస్తుంది. ఒక మూల జొన్నల మీద తొమ్మిదేళ్ల పిల్ల, హైదరాబాదు పిల్ల, అత్త వేషంలో ముడుచుకుని కూర్చుంది. మిగతా పాతరంతా ఖాళీ.

అత్త ఉమ చెయ్యి పట్టుకుని ముందుకు వచ్చింది. చాలాసేపు చూసింది.

“గింత పెద్దగున్నదేంది కాంతూ?”

“సెట్టింగు అత్తా. కెమెరా పట్టాలని పెద్దగ కట్టిన్రు.”

నా ఖర్మ, వినీత పక్కనే ఉంది. “లేదు అమ్మమ్మా, ఒక్క ఇంచు పెంచలే. మీ పాతరల నేనే దిగి కొలిచిన.”

అత్త నా వైపు చూడలేదు. ఆ ఖాళీ వైపే చూస్తోంది.

“మా నాయిన జాగ లేదన్నడు” అన్నది.

ఉమ చెయ్యి వదిలేసి ఒక అడుగు ముందుకు వేసింది.

“నేను లోపట గా మూలకే కూసున్న. ఈపుకు గోడ తలిగింది. ముందట గూడ గట్లనే దగ్గర్నే గోడ ఉంటదనుకున్న. చీకటి. చెయ్యి చాపి సూడలే, భయమైంది. తెల్లారి తీసేటప్పుడు కండ్లు మూసి ఎత్తుకున్నరు, అటెన్క బెజవాడ పోయినం. డెబ్బై ఆరేండ్లసంది గోడ నా ముందటనే ఉన్నదనుకుంటున్న.”

రజాకారు వేషంలో, మూర గడ్డంతో పోశాలు గుర్రం పక్కన నిలబడి ఉన్నాడు. అతనే అన్నాడు.

“జాగ ముచ్చట కాదవ్వా. పాతర తవ్వేది మా వాడోళ్లే. గింజ పోసినంక మాత్రం మేం దిగొద్దు. ముట్టుడైతదని, మైలపడుతదని. మీ ఇంట్ల గదే రివాజు.”

అందులో కోపం లేదు. ఎరువుల కొట్టు ఎన్నింటికి తెరుస్తారో చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

అత్త అతన్ని తేరిపార చూసింది. “నువ్వెవల పిలగానివి బిడ్డా?”

“ఎల్లయ్య మనుమణ్ని అవ్వా.”

“ఎల్లయ్య చెల్లె ఉప్పలి. ఉప్పలమ్మ. నా జోడు.”

“గామె పేరు ఉప్పలమ్మనా?” అన్నాడు పోశాలు. గడ్డం పీకేశాడు. జిగురుకు చర్మం ఎర్రగా లేచింది. జేబులోంచి షూటింగు టైముల కాగితం తీసి నా ముందు పెట్టాడు. “సార్, గీ పేరు జర రాసియ్యిండ్రి. మా బిడ్డకు సూపెట్టాలె.”

రాశాను. డైరీలో కాకుండా బయట ఒక కాగితం మీద ఆ పేరు రాయడం అదే మొదటిసారి. నా దస్తూరీ అందరూ మెచ్చుకుంటారు. ఆ నాలుగు అక్షరాలు వంకరగా వచ్చాయి.

విక్రమ్ ఇదంతా చూశాడు. కళ్లలో నీళ్లు, నిజంగానే. “సార్, గూస్‌బంప్స్. ఈ పాప క్యారెక్టర్ పెట్టేద్దాం. కానీ చనిపోతే ఆడియన్స్ తట్టుకోలేరు. హీరో గుర్రం మీద వచ్చి మంటల్లోంచి తీసి పాతరలో దింపుతాడు. పేరు ఉజ్వల అందాం, క్యాచీగా ఉంటుంది.”

నాకు ఆ పరిష్కారం నచ్చినందుకు సిగ్గుగా ఉంది. కాదు. సిగ్గేం లేదు, అప్పుడు హాయిగా అనిపించింది, అదే నిజం. అత్త కోసమే అనుకుని ఆమెకు విడమరిచి చెప్పాను కూడా.

“బతికినట్టు తీస్తరా?” అన్నది అత్త. “మరి గిన్నేండ్లు నేనెందుకు ఏడిసిన?”

డిసెంబర్ 6

చలి ఎక్కువైంది.

డిసెంబర్ 9

చలి.

డిసెంబర్ 14

రాధ ఒక నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మూడేళ్ల కింద నేను అడుగుతుంటే, అత్త చెబుతుంటే, రాధ రాసినది. నవలకు మూలం.

“నేను రాసింది మీరు చదవనే లేదా, చదివి మరిచిపోయిన్రా?” అన్నది.

“నవల వేరు, నోట్సు వేరు.”

“అవును, వేరే ఉన్నది. గిండ్ల ఉప్పలి పేరు నలభై రెండుసార్లున్నది. నేను లెక్కపెట్టిన.”

విక్రమ్ తీసిన అబద్ధాలకు పద్నాలుగు అభ్యంతరాలు రాసిన్రు, మీదానికి ఒక్క పేజీ రాయరాదా అని కూడా అన్నది. బుక్కు తెరవలేదు. అట్ట మీద టీ కప్పు మరక ఉంది, అది నాదే.

మార్చి 23, 2025

జనగామలో సన్మానం. ఊరేగింపు లేదు గానీ ఫ్లెక్సీలు ఉన్నాయి. ఫ్లెక్సీలో హీరో, గుర్రం, నేను. నా తల గుర్రం తల కంటే చిన్నగా వేశారు. ముందు వరసలో నేను, పక్కన అత్త, ఆ పక్కన రాధ. వెనక ఎక్కడో పోశాలు, కూతురితో వచ్చాడు.

మొదట ట్రైలరు వేశారు. తెర నల్లగా అయింది. తర్వాత ఆ మూడు దెబ్బలు. ధన్. ధన్. ధన్. ఒక్కో దెబ్బకు కుర్చీలు అదిరాయి, ఒక్కో దెబ్బకు హీరో పేరులో ఒక అక్షరం పడింది. జనం ఈలలు వేశారు. పాట కూడా ఆ దెబ్బల మీదే కట్టారు.

అత్త నా చెవి దగ్గరికి వంగింది. “గా సప్పుడేంది?”

“పాతర మూత మీద సప్పుడు అత్తా. నువ్వు చెప్పిందే. తుపాకి మడమలతోని కొడుతున్నరు.”

“గది కాదు” అన్నది. “గంత గట్టిగ ఎట్ల కొడతది? తొమ్మిదేండ్ల పిల్ల.”

నా చెయ్యి తీసుకుంది. తన వేలి కణుపుతో నా అరచేతిలో కొట్టింది. మెల్లగా. ఒకటి. ఆగి, రెండు. చాలాసేపు ఆగి, ఇంకొకటి. ఆ మూడోది తగిలీ తగలనట్టు తగిలింది.

అప్పుడే మైకులో నా పేరు పిలిచారు. వేదిక ఎక్కాను. శాలువా కప్పారు. ఏం మాట్లాడానో రేపు రాస్తాను.

మార్చి 24

ఇరవై నిమిషాలు మాట్లాడాను. తాత త్యాగం గురించి. జొన్నలు, జాతి, చరిత్ర. బాగా మాట్లాడారని ముగ్గురు అన్నారు. అరచెయ్యి మూసుకుని మాట్లాడాను. ఆ చప్పుడు ఉప్పలిదని చెప్పడానికే లేచాను, చెప్పే చోటు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ దాటేశాను. పిరికితనం, ఇంకే పేరూ లేదు దానికి. ముందు వరసలో అత్త చప్పట్లు కొట్టలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. పోలేదు.

కారిడార్లో పోశాలు తన కూతురిని చూపించాడు. తొమ్మిదో తరగతి. “మా తాత చెల్లె ముచ్చట మీ బుక్కుల ఉన్నదట గద సార్, బిడ్డ సదువుతనంటున్నది” అన్నాడు. అత్త చెప్పిందట. కొత్త ముద్రణ వస్తోంది, అది ఇస్తాను అన్నాను.

మార్చి 26

ప్రూఫులు వచ్చాయి. ముట్టుకోలేదు.

మార్చి 27

పొద్దున్నే నోటుబుక్కు తెరిచాను. రాధ చేతిరాతలో అత్త మాటలు. నాలుగు గంటలు పట్టింది చదవడానికి, మధ్యలో రెండుసార్లు వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఉప్పలికి అన్నం కంటే చింతచిగురు ఇష్టమని ఉంది. ఎడమ చేతివాటమని ఉంది. పరుగులో ఎప్పుడూ అత్త కంటే ముందుండేదట. ఆ రోజు కూడా పాతర దగ్గరికి ముందు చేరింది ఉప్పలే. అత్త వచ్చేదాకా ఆగింది.

ఇది నేను మూడేళ్ల కింద చదివాను. చదివి, పాత్రలు తక్కువ ఉండాలని తీసేశాను. జాగ లేదని తాత ఒక్కసారి అన్నాడు. నేను నూట అరవై పేజీలు అన్నాను.

ప్రూఫు ముందు పెట్టుకుని, 'రజాకార్లు తుపాకి మడమలతో' అన్న చోట ఎర్ర పెన్నుతో కొట్టేశాను. 'ఉప్పలి తన ఎడమ చేత్తో' అని రాశాను. అక్కణ్నుంచి ఆపలేకపోయాను. పాతర కొలత రాశాను, పది అడుగులు, ఏడు అడుగులు. గింజ ముట్టుడవుతుందన్న మాట రాశాను. తాత పేరుతోనే రాశాను. ఒక పూర్తి పేజీ అయింది, సన్నటి దస్తూరీలో.

రాకేశ్‌కు ఫోను చేశాను.

“గిప్పుడు ఒక పేజీ పెంచుతనంటే ఎట్ల సార్?” అన్నాడు. “ఫారాలన్నీ కట్టుడైంది. ఒక్క పేజీ గూడ జాగ లేదు.”

రాధ గుమ్మంలో నిలబడి వింటోంది. నేను ఎవరితోనైనా పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు పుస్తకంలో మాటలే వాడతాను, ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. ఈసారి అవి రాలేదు.

“జాగ ఉన్నది రాకేశ్” అన్నాను. “మొదటి పేజీ నిండ మా తాతనే కూసున్నడు. లేపు.”